అడిగినవారికి చెప్పడం ఎందుకంత ఇష్టం?

కొత్త ఊళ్ళో బస్సు దిగి, చేతిలో చిరునామా కాగితం పట్టుకుని, నాలుగు దిక్కులా చూస్తూ ఒక్క నిమిషం నిలబడండి. కిళ్ళీకొట్టు అతను "ఎవరింటికమ్మా?" అంటాడు. పక్కన టీ తాగుతున్న పెద్దమనిషి గ్లాసు కింద పెట్టేస్తాడు. "ఎడంచేతి వైపు తిరిగి, రామాలయం దాటాక మూడో సందు" అని ఒకరు, "అబ్బే, అంత చుట్టెందుకండీ, బడి వెనకనుంచి వెళితే దగ్గర" అని ఇంకొకరు. మన కోసం వాళ్ళిద్దరూ వాదించుకుంటారు కూడా. ఇంతలో ఓ కుర్రాడు సైకిలు దిగి, "రండమ్మా, నేనూ అటే" అని మలుపు దాకా వచ్చి చూపించి పోతాడు. అటు వెళ్ళే పని అతనికి నిజంగా ఉందో లేదో ఆ దేవుడికే తెలియాలి.

ఇంతకీ వీళ్ళకి మనం ఏమవుతాం? చుట్టమా, పక్కమా? మళ్ళీ కనిపిస్తామన్న నమ్మకమైనా లేదు. మనకి చెప్పినందువల్ల వాళ్ళకి ఒరిగేదేమీ లేదు. అయినా చెప్పారు. చెప్పి, మనకంటే వాళ్ళే ఎక్కువ సంతోషించారు. ఆ టీ గ్లాసు పెద్దమనిషినే ఇంట్లో వాళ్ళావిడ "గ్యాసు పుస్తకం ఎక్కడ పెట్టారండీ?" అని అడిగి చూడమనండి. పేపర్లోంచి తల ఎత్తితే ఒట్టు!

నవ్వులాటకి అన్నా, ఇది కాస్త ఆలోచించవలసిన విషయమే. ముక్కూ మొహం తెలియని వాళ్ళు అడిగితే చెప్పడంలో మనిషికి అంత ఆనందం ఎందుకు? ఆ ఆనందం ఎక్కడ మంచి చేస్తుంది, ఎక్కడ చెరుపు చేస్తుంది? ఈ రెండు సంగతులూ ఇవాళ మనం మాట్లాడుకుందాం.

మొదటి కారణం మన ఆడవాళ్ళకి తేలిగ్గా బోధపడుతుంది. పెరటిచెట్టు మందుకు పనికిరాదని సామెత ఉంది కదా. పాతికేళ్ళుగా సంసారం నడుపుతున్న ఇల్లాలికి ఎన్ని విషయాలు తెలుసో ఒక్కసారి లెక్కవేయండి. కందిపప్పు ఏ నెలలో కొంటే చవక, ఏ పాలు విరుగుతాయి, చీర మీద నూనె మరక ఎలా పోతుంది, ఆవకాయ ముక్క ఏడాది దాకా మెత్తబడకుండా ఉండాలంటే కాయ ఎలాంటిది కావాలి - ఇదంతా విద్యే. కానీ ఇంట్లో దాన్ని విద్య అనుకునే వాళ్ళెవరు? కూర బాగుంటే తిని లేచిపోతారు. ఉప్పు తక్కువైన రోజునే నోరు విప్పుతారు. అందరికీ అన్నీ అమర్చిపెట్టే మనిషిని "ఇది నీకెలా తెలిసింది?" అని అడిగే వాళ్ళు ఆ ఇంట్లో ఉండరు.

అలాంటి మనిషిని బియ్యం దుకాణంలో ఓ కొత్త కోడలు పిల్ల, "పిన్నిగారూ, బియ్యానికి పురుగు పట్టకుండా ఏం చేస్తారండీ?" అని అడిగిందనుకోండి. ఆవిడ మొహం ఎలా వికసిస్తుందో చూడండి! ఎండుమిరపకాయలు వేయాలా, వేపాకు ఎండబెట్టి వేయాలా, డబ్బా మూత ఎలా ఉండాలి, తడి చెయ్యి ఎందుకు పెట్టకూడదు - అన్నీ విడమరచి చెబుతుంది. ఆ అడిగిన ప్రశ్న ఆవిడకి ఓ యోగ్యతాపత్రం లాంటిది. "నీకు తెలిసినది నాకు పనికొస్తుంది" అని ఒక పరాయి మనిషి ఒప్పుకున్నట్టు. తెలివి చూపించుకోవాలన్న సరదా కొంత ఉంటే ఉండవచ్చు గాక, దానికంటే లోతుగా ఉండేది 'నేను పనికొచ్చాను' అన్న తృప్తి.

ఇందులో ఇంకో విశేషం ఉంది. మనకి తెలిసిన సంగతి మనకి తెలుసునని ఎవరైనా అడిగేదాకా మనకే తెలియదు. మన వంటంతా చేతి వాటం. గుప్పెడు, చిటికెడు, కాస్త, తగినంత - ఇవీ మన కొలతలు. కొత్త పిల్ల "కాస్త అంటే ఎంతండీ?" అని అడగ్గానే మనం ఆగిపోతాం. అవును, ఎంత? పోపులో మెంతులు ఎప్పుడు వేస్తున్నాం, ఆవాలకి ముందా, తరవాతా? ఏ రంగు వచ్చాక దింపుతున్నాం? అప్పుడు మన చేతిని మనమే గమనించుకుని, చేతికి తెలిసినదాన్ని నోటికి నేర్పుతాం. అడిగిన పిల్ల ఒక పాఠం నేర్చుకుంటే, చెప్పిన మనం రెండు నేర్చుకుంటాం. పిల్లలకి పాఠాలు చెప్పే టీచర్లని అడగండి, చెబితేనే విద్య గట్టిపడుతుందని వాళ్ళే అంటారు.

సరే, అలాగైతే తెలిసినవాళ్ళకి చెప్పినా ఈ ఆనందం ఉండాలి కదా, పరాయివాళ్ళ దగ్గర ఎందుకంత ధారాళం? అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే.

తెలిసినవాళ్ళతో మనకి లెక్కలుంటాయి. తోడికోడలికి గోంగూర పచ్చడి రహస్యం చెబితే, రేపు సంక్రాంతికి అందరూ ఆవిడ పచ్చడినే మెచ్చుకుంటారేమో! ఆడపడుచుకి సలహా ఇచ్చామా, "మా వదిన నాకు నేర్పేటంతటిది అయింది" అనవచ్చు. కూతురికి చెబితే "నీ కాలం వేరమ్మా" అంటుంది. చెప్పిన మాట వినకపోతే మనకి కోపం, విని చెడితే మనమీద నింద. పరాయి మనిషి దగ్గర ఈ బాధ ఒక్కటీ లేదు. రైల్లో సికిందరాబాదులో ఎక్కి ఎదురు సీట్లో కూచున్న ఆవిడ విజయవాడలో దిగిపోతుంది. ఖాజీపేట వచ్చేసరికి పచ్చడి రహస్యం, ఖమ్మం దాటేసరికి పెద్దమ్మాయి సంబంధం తప్పిపోయిన సంగతి - అన్నీ బయటికి వస్తాయి. సొంత అక్కచెల్లెళ్ళకి చెప్పనివి కూడా!

జార్జ్ జిమ్మెల్ అని జర్మనీ దేశపు సాంఘిక శాస్త్రవేత్త ఒకాయన 1908లో పరాయి మనిషిని గురించి ఒక చిన్న వ్యాసం రాశాడు. దగ్గరివాళ్ళ దగ్గర దాచుకునే విషయాలు కూడా మనుషులు పరాయివాడి ముందు మనసు విప్పి చెప్పేస్తారని ఆయన అందులో గమనించాడు. ఆయన మన రైలు పెట్టెలు చూడలేదు గాని, చూసి ఉంటే ఇంకో అధ్యాయం రాసి ఉండేవాడు.

మూడో సంగతి డబ్బు. దారి చెప్పిన కుర్రాడికి పది రూపాయల నోటు ఇవ్వబోయి చూడండి. "ఛ ఛ, ఎందుకమ్మా" అని వెనక్కి జరుగుతాడు, మొహం కొంచెం చిన్నబుచ్చుకుంటాడు కూడా. అంతవరకూ అతను ఉపకారి. నోటు చూపించగానే కూలివాడైపోయాడు. ఎడ్వర్డ్ డెసీ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1971లో దీనికి దగ్గరి పరీక్ష ఒకటి చేశాడు. కాలేజీ విద్యార్థులకి చెక్కముక్కలు జోడించి బొమ్మలు కట్టే ఆట ఇచ్చాడు. ఒక జట్టుకి కట్టిన బొమ్మకల్లా ఒక డాలరు చొప్పున ఇచ్చాడు, రెండో జట్టుకి ఏమీ ఇవ్వలేదు. తరవాత డబ్బు ఇవ్వడం మానేశాక చూస్తే, డబ్బు పుచ్చుకున్న వాళ్ళు తీరిక సమయంలో ఆ ఆటని మునుపంత ఇష్టంగా ముట్టుకోలేదు. ఊరికే సరదాగా ఆడిన వాళ్ళకి సరదా అలాగే ఉంది. ఇష్టంతో చేసే పనికి వెల కడితే ఆ ఇష్టం కాస్తా సన్నగిల్లుతుందన్న మాట.

ఈ ఇష్టం చిన్నదేమీ కాదు. ఒకళ్ళు అడగడం, పదిమంది చెప్పడం వల్ల మహాకార్యాలే జరిగాయి.

మన తెలంగాణలోనే చూడండి. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరన్న మాట ఒకటి వినవచ్చినప్పుడు గోలకొండ పత్రిక సంపాదకులు సురవరం ప్రతాపరెడ్డిగారు ఊరికే కోప్పడి ఊరుకోలేదు. మీ ఊళ్ళో కవులుంటే పద్యాలు పంపండని అడిగారు. ఆ అడిగినదానికి పల్లెపల్లెనుంచీ జవాబు వచ్చింది. 1934లో అచ్చయిన 'గోలకొండ కవుల సంచిక'లో 354 మంది కవులున్నారు. అంతకుముందు వాళ్ళలో ఎందరిని ఎవరు అడిగారు గనక!

ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు తయారైనదీ ఇలాగే. జేమ్స్ మర్రే అనే సంపాదకుడు 1879లో ప్రజలకి ఒక విన్నపం అచ్చువేయించాడు. మీరు చదివే పుస్తకాల్లో ఫలానా మాట ఎక్కడ, ఏ అర్థంలో కనబడిందో చీటీల మీద రాసి పంపండి అని. జీతం లేదు, భత్యం లేదు. వేలమంది పంపారు. వాళ్ళందరిలో ఎక్కువ పనిచేసినవాళ్ళలో డాక్టర్ మైనర్ ఒకడు. అమెరికా సైన్యంలో డాక్టరు చేసినవాడు. మతి చలించి 1872లో లండనులో ఒక నిరపరాధిని కాల్చి చంపాడు. బ్రాడ్‌మూర్ అనే పిచ్చాసుపత్రిలో బందీ. ఆ గదిలో కూచుని ఇరవై ఏళ్ళ పాటు మాటలు వెతికి పంపుతూనే ఉన్నాడు. లోకం తలుపు వేసేసిన మనిషికి ఆ ప్రశ్నలే కిటికీ అయ్యాయి. నాలుగు గోడల మధ్య రోజులు వెళ్ళదీసే మనిషిని "ఇది చెప్పగలవా?" అని అడగడం ఎంతటి ఉపకారమో ఇంతకంటే ఎవరు చెప్పాలి?

ఇక ప్రశ్నలూ జవాబులూ అనగానే మన తెలుగు ఆడవాళ్ళకి మాలతీ చందూర్‌గారు గుర్తుకు రాకుండా ఉంటారా? 1952లో ఆంధ్రప్రభ వారపత్రికలో మొదలుపెట్టిన 'ప్రమదావనం' శీర్షికలో నాలుగు దశాబ్దాలకు పైగా పాఠకురాళ్ళ సందేహాలు తీర్చారు. వంట, ఆరోగ్యం, చదువులు, కుటుంబంలో చిక్కులు - పక్కింటావిడని అడగడానికి బిడియపడేవి కూడా ఆవిడని అడిగారు. అంత సాహిత్యం సృష్టించి, 'హృదయనేత్రి' నవలకి 1992లో సాహిత్య అకాడమీ బహుమతి పొందిన రచయిత్రి, ఎవరో ఒక ఇల్లాలి చిన్న సందేహాన్ని కూడా చిన్నదిగా చూడలేదు. ఆ శీర్షిక అంతకాలం నిలవడానికి అదే కారణం.

ఇంకొకటి, రేడియో కథే. హామ్ రేడియో అని సొంతంగా పెట్టుకుని ఎక్కడో ఉన్న తెలియనివాళ్ళతో మాట్లాడే సరదా ఒకటుంది. హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున భారతీ ప్రసాద్‌గారు 2004 డిసెంబరులో కొందరితో కలిసి అండమాన్‌లోని పోర్ట్‌బ్లెయిర్‌కి వెళ్ళారు. 26వ తేదీన సునామీ వచ్చింది. టెలిఫోన్లు మూగబోయాయి. సరదాకి తీసుకెళ్ళిన ఆ రేడియోయే అప్పుడు దిక్కయింది. "మావాళ్ళు ఎలా ఉన్నారు?" అని ప్రధాన భూభాగం నుంచి బంధువులు అడగడం, కనుక్కుని కబురు చెప్పడం - రోజుల తరబడి అదే పని. అడిగినవాళ్ళెవరూ ఆవిడకి చుట్టాలు కారు.

ఇంతవరకూ వెలుగు వైపు చూశాం. ఇక రెండో వైపు.

చెప్పడంలో ఆనందం ఉంది కనుకనే, తెలియకపోయినా చెప్పేస్తాం. దారి అడిగితే "తెలియదు" అనడానికి మనవాళ్ళకి నామోషీ. దాంతో తూర్పున ఉన్న వీధికి పడమటికి పంపిస్తారు. దారి తప్పితే అరగంట నడక, అంతే కదా. మందు దగ్గర తప్పితే?

పసిబిడ్డకి నీళ్ళ విరేచనాలు అవుతున్నాయని ఆసుపత్రి బయట ఓ తల్లి వాపోతుంది. "నీళ్ళు పట్టకు, ఇంకా ఎక్కువవుతాయి" అంటుంది ఒకావిడ. "పాలు కూడా ఆపెయ్యి" అంటుంది మరొకావిడ. ఇద్దరూ మంచివాళ్ళే, ఇద్దరికీ ఆ తల్లి మీద జాలే. కానీ ఆ మాట విని నీళ్ళు ఆపేస్తే బిడ్డ ప్రాణానికే ముప్పు. విరేచనాల్లో చంపేది ఒంట్లో నీరు పోవడమే. తల్లిపాలు ఆపకూడదు. ఓ.ఆర్.ఎస్. పొడి దొరికితే పొట్లం మీద రాసినట్టు కలిపి పట్టాలి. దొరకకపోతే, కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో తలకొట్టిన ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు కలిపి కొంచెం కొంచెంగా పట్టాలి, వెంటనే డాక్టరుకి చూపించాలి. ఇక్కడ 'కాస్త', 'తగినంత' పనికిరావు. ఉప్పు ఎక్కువైతే అదీ ప్రమాదమే. చూశారా, ఒకే ప్రశ్నకి ఒక జవాబు ప్రాణం పోస్తుంది, ఇంకొకటి తీస్తుంది. చెప్పేటప్పుడు కలిగే తృప్తి మాత్రం రెండింటికీ ఒక్కటే! అందుకే ఆ తృప్తిని నమ్మి జవాబు చెప్పకూడదు.

మరి ఎలా చెప్పాలి? నాలుగు సంగతులు గుర్తుపెట్టుకుంటే చాలు.

మొదటిది, అడిగినదానికే చెప్పండి. ఉద్యోగానికి వెళ్ళే అమ్మాయి "ఇక్కడ మంచి శిశువిహార్ ఎక్కడుందండీ?" అని అడిగితే చోటు చెప్పండి. "పసిదాన్ని వదిలి ఉద్యోగం ఎందుకమ్మా" అన్నది ఆవిడ అడగలేదు.

రెండోది, చెప్పేముందు మీరొక ప్రశ్న వేయండి. "దగ్గుకి ఏం వేయాలండీ?" అంటే, "ఎవరికమ్మా? ఎన్నాళ్ళనుంచి?" అనండి. నెలల పిల్లకీ, నిండు చూలాలికీ, షుగరు ఉన్న మామగారికీ ఒకటే కషాయం చెప్పకూడదు కదా. వాళ్ళ సంగతి డాక్టరే చూడాలి.

మూడోది, మీరు చేసి చూసినదేదో, ఎవరో అనగా విన్నదేదో విడదీసి చెప్పండి. "నేను చేశాను, కుదిరింది" వేరు, "చేస్తారట" వేరు. వినేవాళ్ళకి ఆ తేడా తెలియాలి.

నాలుగోది అన్నిటికంటే కష్టం. తెలియనప్పుడు "నాకు తెలియదమ్మా, ఫలానా వారిని అడుగు" అనండి. అదీ జవాబే. తూర్పు వీధికి పడమటి దారి చూపించడం కంటే వెయ్యి రెట్లు మంచి జవాబు.

ఇంత చెప్పుకున్నాక మిగిలింది ఒకటే. చెప్పడం ఇంత ఇష్టమైనప్పుడు, అడగడానికి మనం ఎందుకు అంత వెనకాడతాం? "ఏమనుకుంటారో", "విసుక్కుంటారేమో", "ఇంత మాత్రం తెలియదా అంటారేమో" - ఈ మూడు మాటల దగ్గరే ఆగిపోతాం. అమెరికాలో ఫ్లిన్, లేక్ అనే ఇద్దరు పరిశోధకులు 2008లో దీన్ని గురించి ఒక పరిశీలన ప్రకటించారు. కాలేజీ విద్యార్థుల్ని పిలిచి, తెలియనివాళ్ళ దగ్గరికి వెళ్ళి అయిదుగురి చేత ఒక ప్రశ్నపత్రం నింపించుకు రమ్మన్నారు. ఎంతమందిని అడిగితే అయిదుగురు ఒప్పుకుంటారని ముందే అడిగితే, ఇంచుమించు 20 మందిని అడగాలి అన్నారు. తీరా వెళితే సుమారు 10 మందిని అడిగేసరికే పని అయిపోయింది. మనం భయపడేదాంట్లో సగం కూడా లోకం కఠినంగా లేదన్న మాట. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. అడిగితే పరాయివాళ్ళు కూడా పెడతారన్నది కూడా అంత నిజమే.

కనుక, అడగండి. అడిగితే మనం చిన్నబోతాం అనుకుంటాం గాని, నిజానికి ఎదుటి మనిషిని పెద్దచేస్తాం. అలా పెద్దచేయవలసిన వాళ్ళు బయటే కాదు, మన ఇంట్లోనూ ఉంటారు. ఒకప్పుడు ఇరవై మంది ఉన్న ఇంటిని ఒంటిచేత్తో నడిపిన అత్తగారు ఇప్పుడు వసారాలో కుర్చీలో కూచుని వీధివైపు చూస్తూ ఉంటుంది. వేళకి అన్నం పెడుతున్నాం, మందులిస్తున్నాం, అన్నీ చేస్తున్నాం. ఆవిడని ఏమైనా అడిగి ఎన్నాళ్ళయింది? కొన్నాళ్ళు ఎవరూ అడగకపోతే మనిషికి చెప్పడం మరుపు వస్తుంది. ఆ తరవాత, చెప్పడానికి తన దగ్గర ఏమీ లేదనుకోవడం మొదలవుతుంది. వీధిలో పోయే పరాయివాళ్ళని పిలిచి కూచోబెట్టుకుని మాట్లాడుతోందని మనం విసుక్కుంటాం. వాళ్ళు అడుగుతున్నారు, ఆవిడ చెబుతోంది. అంతే.

ఈ వారంలో ఒకరోజు, పొయ్యి మీద పని కట్టిపెట్టి, ఆవిడ పక్కన పీట వేసుకుని కూచోండి. "అత్తయ్యా, మీ రోజుల్లో అప్పడాల పిండి ఎలా కలిపేవారు?" అనో, ఇంకేదో, మీకు నిజంగా తెలియనిది అడగండి. ఆవిడ మొదట "ఇప్పుడు అవన్నీ ఎందుకులే" అంటుంది. కాస్త ఆగండి. చెబుతుంది. మధ్యలో "అది నాకు తెలుసులెండి" అని మాత్రం అనకండి.